అంటే ఏంది అవ్వా

వత్సల నాందేడ్‌లో ఒక కాలేజీలో తెలుగు చెప్పేది. ధర్మాబాద్ అమ్మాయి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో దక్కనీ మాట్లాడుతూ పెరిగి, హైదరాబాదుకు పోయి తెలుగులో ఎం.ఏ. చేసి వచ్చింది. కాలేజీలో ఆమె క్లాసుకు వచ్చేవాళ్లు తక్కువ. వచ్చేవాళ్లంతా సరిహద్దు ఊళ్ల పిల్లలే, తెలుగు మాట్లాడేవాళ్లే. తెలుగు ముక్క రానివాళ్లకు తెలుగు నేర్పాల్సిన అవసరం ఆమెకు అంతవరకు పడలేదు.

ఆ అవసరం 1978 వానాకాలంలో వచ్చింది. నాందేడ్‌లోనే వజీరాబాద్ పేటలో ఒక ధర్మాసుపత్రి ఉండేది. దాని ఆవరణలోనే నర్సుల శిక్షణ కాలేజీ. రెండింటి బాగోగులూ చూసే మేట్రన్ విమలాబాయి ఒక మధ్యాహ్నం వత్సలను వెతుక్కుంటూ ఆమె కాలేజీకి వచ్చింది. ఆమెది మరాఠీ. కూర్చోగానే విషయానికి వచ్చింది.

"మా రోగుల్లో సగం మంది ధర్మాబాద్, బిలోలి, కిన్వట్ వైపు వాళ్లు. మా అమ్మాయిలేమో పర్భణి, లాతూర్ వైపు వాళ్లు. ఒకరి మాట ఒకరికి అందడం లేదు."

"మావాళ్లకు మరాఠీ వచ్చు కదా బాయీ," అంది వత్సల.

"బజారులో అందరూ నాతో మరాఠీలోనే బేరమాడతారు. ఆసుపత్రి మంచం ఎక్కగానే మరిచిపోతారు."

వత్సల నవ్వింది. అది నిజమే. ఒంట్లో బాగున్నప్పుడు మాట్లాడే భాష వేరు, నొప్పి పుట్టినప్పుడు నోట్లోంచి వచ్చే భాష వేరు. మేట్రన్ కూడా నవ్వి, మిగతా సంగతి చెప్పింది. రెండో ఏడు చదివే అమ్మాయిలకు దసరా దాటేదాకా తెలుగు క్లాసులు. చివర రాతపరీక్ష. పేపరు దిద్దడానికి నిజామాబాద్ నుంచి ఒక పండితుడు వస్తాడు. ఫలితం బాగుంటే ట్రస్టు ఈ కోర్సును ఏటా నడుపుతుంది, లేకపోతే ఇంతటితో ఆపేస్తుంది.

వత్సల సంతోషంగా ఒప్పుకుంది. తెలుగు కావాలని ఎవరైనా తన గుమ్మంలోకి రావడం ఆమెకు కొత్త.

తాను నేర్చుకున్న పద్ధతిలోనే నేర్పడం మొదలుపెట్టింది. బోర్డు మీద అక్షరమాల, తరువాత గుణింతాలు, తరువాత పదాలు. తల, ఉదరం, దాహం, జ్వరం. పక్కన మరాఠీలో అర్థం. అమ్మాయిలు వార్డు డ్యూటీ దిగి నేరుగా వచ్చేవాళ్లు. కూర్చోగానే కళ్లు మూతలు పడేవి. అయినా బుద్ధిగా నోటుపుస్తకాల్లో ఎక్కించుకునేవాళ్లు. ఆమె అడిగితే అందరూ ఒక్క గొంతుతో అప్పజెప్పేవాళ్లు. విడిగా ఒకరిని లేపి అడిగితే మాత్రం తల దించుకుని నిలబడేవాళ్లు.

వాళ్లలో మందాకిని అనే అమ్మాయి ఉండేది. పర్భణి పక్క పల్లె. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ముందు బెంచీలో. తెలుగు అక్షరాలను ముగ్గు వేసినంత పొందికగా రాసేది. మొదటి పరీక్షలో ఆమెకు ఒక్క మార్కు కూడా పోలేదు. వత్సల ఆ కాగితాన్ని విమలాబాయికి చూపించి గర్వపడింది.

కొద్దిరోజులకు, తాను చెప్పిన తెలుగు ఎట్లా పనికొస్తోందో చూద్దామని వత్సల ఆడవాళ్ల వార్డుకు వెళ్లింది. కిటికీ పక్క మంచం మీద సంగవ్వ అనే ముసలామె ఉంది. బాబ్లీ ఊరు. గోదావరి ఒడ్డున జారి పడి కాలు విరిగి, కట్టు కట్టించుకుని పడుకుని ఉంది. మందాకిని ఆమె దుప్పటి సర్దుతోంది.

"బిడ్డా, దూపైతుంది," అంది సంగవ్వ.

మందాకిని మంచం వైపు చూసింది. కిటికీలోంచి ఎండ సంగవ్వ మొహం మీద పడుతోంది. హిందీలో ధూప్ అంటే ఎండ. ఆమె చప్పున వెళ్లి కిటికీ తలుపులు మూసేసి, పని బాగా చేశానన్న తృప్తితో చిన్నగా నవ్వి, పక్క మంచం దగ్గరికి పోయింది.

సంగవ్వ కాసేపు మూసిన కిటికీని చూసింది. తరువాత మొహం గోడవైపు తిప్పుకుంది.

వత్సల గ్లాసుతో నీళ్లు తీసుకుపోయి ఆమె తల కింద చెయ్యి పెట్టి తాగించింది. గ్లాసు ఖాళీ చేశాక సంగవ్వ మెల్లగా అడిగింది.

"నీళ్లడిగితే కిటికి ఏసి పోయింది ఆ పిల్ల. నేనేమన్న తప్పు మాట్లాడిన్నా బిడ్డా?"

"తప్పు నీది కాదవ్వా," అంది వత్సల.

మందాకినికి సంగతి తెలిశాక మొహం పాలిపోయింది. "ఆమె దాహం అనలేదు బాయీ," అంది మరాఠీలో. మరాఠీ బడుల్లో పంతులమ్మను బాయీ అనే పిలుస్తారు. "మనం దాహం అని కదా రాసుకున్నాం." బట్టలు పెట్టే గదిలోకి పోయి ఏడ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తున్నంతసేపూ వత్సల ఆ మాట గురించే ఆలోచించింది. తాను నేర్పిన మాట పుస్తకం ప్రకారం సరైనదే. కానీ బాబ్లీలో గాని, కర్ఖేలిలో గాని, ధర్మాబాద్ మిరపకాయల అంగడిలో గాని నీళ్ల కోసం ఆ మాట వాడినవాళ్లను ఆమె ఎన్నడూ చూడలేదు. తన తల్లి అనలేదు. ఎండలో ఇంటికి వచ్చినప్పుడు తాను కూడా అనలేదు. హైదరాబాదులో నేర్చుకున్న తెలుగును బోర్డు మీద రాసి, ఇంటి తెలుగును క్లాసు బయట చెప్పులతో పాటు విడిచి లోపలికి వెళుతూ వచ్చింది. పైగా తప్పు పోతామేమోనన్న భయాన్ని కూడా అమ్మాయిలకు తానే నేర్పింది. సంగవ్వ మాట అర్థం కానప్పుడు మందాకిని తిరిగి అడగలేదు. మంచి మార్కులు వచ్చే పిల్ల, తెలియదు అని ఎట్లా అంటుంది?

తరువాతి క్లాసుకు అమ్మాయిలు వచ్చేసరికి బెంచీలన్నీ గోడలకు ఆనించి ఉన్నాయి. గది మధ్య ఒక మంచం, నాలుగు స్టూళ్లు. బోర్డు తుడిచి ఉంది.

"ఇయ్యాల్టి సంది రాసుడు లేదు. ఇనుడే," అంది వత్సల తెలుగులో. ఎవరికీ అర్థం కాలేదు. ఆమె మరాఠీలో చెప్పలేదు. చేతిలోని పెన్ను తీసి కిటికీలో పెట్టింది, చెవి మీద వేలు పెట్టుకుంది. అమ్మాయిలు ఒకరినొకరు చూసుకుని పెన్నులు మూశారు.

"నిలవడు," అని తాను నిలబడింది. "కూసో," అని కూర్చుంది. తరువాత వాళ్లను చెయ్యమంది. నోరు తెరువు. నాలిక చూపియ్యి. నెత్తి మీద చెయ్యి పెట్టుకో. పక్కకు ఒరుగు. దమ్ము గట్టిగ తియ్యి. ఆమె చెబుతుంటే వాళ్లు చేశారు. మొదట మెల్లగా, తరువాత వేగంగా, తరువాత తప్పులు పోయి ఒకరి మీద ఒకరు పడి నవ్వుతూ. ఎవరూ తిరిగి పలకాల్సిన పని లేదు. చెవికి పట్టుబడితే చాలు. డ్యూటీ దిగి వచ్చిన అమ్మాయిల కళ్లు ఆ రోజు మూతపడలేదు.

కొన్నాళ్లు అట్లా వినిపించాక పలకడానికి మొదటి వాక్యం ఇచ్చింది. పేరు చెప్పుకోవడం కాదు, ఊరు చెప్పుకోవడం కాదు. "సమజ్ కాలే అవ్వా. మల్ల చెప్పు." రెండో వాక్యం, "అంటే ఏంది అవ్వా?" ఇవి రెండూ నోటికి వచ్చేదాకా మూడోది చెప్పలేదు.

"నర్సుకు అన్ని మాటలు రావాలని లేదు," అంది మరాఠీలో. "రాని మాట దగ్గర ఆగి అడగడం రావాలి. అడిగితే సిగ్గు లేదు. అడగకపోతేనే ప్రమాదం."

తరువాత ఇద్దరిద్దరుగా విడగొట్టింది. ఒకమ్మాయి చెవిలో ఏదో ఒక జబ్బు చెప్పి రోగిని చేసేది. రెండో అమ్మాయి అడిగి అడిగి ఆ జబ్బేమిటో కనుక్కోవాలి. ఇద్దరూ తెలుగు దాటకూడదు. మాట దొరక్కపోతే చేతులు, మొహం, ఏదైనా వాడుకోవచ్చు. తప్పు మాట్లాడితే వత్సల మధ్యలో ఆపేది కాదు. "నొప్పి ఎక్కడ ఉన్నడు?" అని ఒకమ్మాయి అడిగితే, రోగి మంచం వెనక నిలబడి, "నొప్పి ఎక్కడున్నదా? కడుపుల ఉన్నది," అని తాను జవాబు చెప్పేది. సరైన మాట వాళ్ల చెవిన పడేది. మరునాడు ఆ అమ్మాయే సరిగ్గా అడిగేది.

మందాకిని మాత్రం నోరు విప్పలేదు. చెప్పినవన్నీ అందరికంటే ముందు చేసేది. మాట్లాడే వంతు రాగానే బిగుసుకుపోయేది. వత్సల బలవంతపెట్టలేదు.

సంగవ్వకు కర్రల సాయంతో నడక వచ్చాక వత్సల ఆమెను క్లాసుకు పిలిచింది. ముసలామె గదిని కలయజూసి, స్టూలు మీద కూర్చుని, "నేనేం జెప్పాలె వీళ్లకు?" అంది.

"ఏం చెప్పకు అవ్వా. వాళ్లు అడుగుతరు. నీకు బుద్ధి పుడితే జవాబియ్యి."

అమ్మాయిలు ఒక్కొక్కరే అడిగారు. సంగవ్వ హుషారుగా చెప్పింది. మందాకిని వంతు వచ్చింది. ఆమె నిలబడింది, పెదవులు కదిలాయి, మాట రాలేదు.

"ఈ పిల్లేనా కిటికి ఏసింది?" అంది సంగవ్వ.

ఎవరో కిసుక్కున నవ్వారు. మందాకిని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడువకు బిడ్డా. నా పెద్దకోడలు మీ మరాఠోళ్ల పిల్లనే. అచ్చిన కొత్తల, ఉప్పు తెమ్మంటే చీపురు తెచ్చింది. ఇప్పుడు చూడు, నన్నే తిడ్తది, తెలుగుల."

అర్థమైనవాళ్లు కొందరు నవ్వారు. మందాకినికి ఉప్పు తెలుసు, కోడలు తెలుసు. నడుమ ఒక్క మాట చిక్కలేదు. ఆ చిక్కని మాటలోనే నవ్వంతా ఉందని కూడా ఆమెకు తెలుస్తోంది. తాను నిలబడి ఉన్నానని మరిచిపోయి అడిగింది.

"చీపురు అంటే ఏంది అవ్వా?"

సంగవ్వ కర్రను పక్కన పెట్టి, వంగి, గచ్చు మీద చేత్తో ఊడ్చి చూపించింది. మందాకినికి ఉప్పు బదులు చీపురు పట్టుకుని అత్త ముందు నిలబడ్డ కోడలు కళ్లకు కట్టింది. ఆమె నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా గట్టిగా నవ్వింది. నవ్వు ఆగక ముందే, "అత్త కొట్టిందా?" అని రెండో ప్రశ్న కూడా అడిగేసింది.

"అత్తను నేనే గద బిడ్డా," అంది సంగవ్వ.

ఆ నవ్వుల చప్పుడుకే విమలాబాయి వచ్చింది. తలుపులో నిలబడి గోడకు నెట్టిన బెంచీలను, మంచం మీద రోగిలా పడుకున్న అమ్మాయిని, స్టూలు మీద కూర్చున్న అసలు రోగిని చూసింది. వత్సలను బయటికి పిలిచింది.

"ఇది క్లాసా, సంతా? అమ్మాయిల పుస్తకాలు ఏవి? పరీక్ష రాతలో ఉంటుంది, ఆటలో కాదు."

"రాత కూడా నేర్పుతాను బాయీ. నోటికి వచ్చిన మాటను రాయడం కష్టం కాదు. నోటికి రాని మాటను రాసి ఏం లాభం? సంగవ్వ నీళ్లడిగిన రోజు క్లాసులో ఫస్టు వచ్చిన అమ్మాయే అక్కడ ఉంది."

కిటికీ సంగతి మేట్రన్ వినే ఉంది. "దసరా తరువాత ఫలితం చూస్తాను," అని వెళ్లిపోయింది. అది ఒప్పుకోలో బెదిరింపో వత్సలకు తెలియలేదు. కానీ బెంచీలను తిరిగి సర్దమనలేదు కదా అనుకుని లోపలికి వెళ్లింది.

చివరి వారాల్లో పెన్నులు మళ్లీ బయటికి వచ్చాయి. ఈసారి అమ్మాయిలు రాసిన మాటలు వాళ్లు పలికినవే. దూప, నెత్తి, కడుపుల మంట, కండ్లు తిరుగుడు. పక్కనే పుస్తకంలో ఉండే మాట కూడా రాయించింది. అక్షరాలు కొందరివి వంకరగా వచ్చాయి. అర్థం అడిగితే ఎవరూ మరాఠీ వెతుక్కోలేదు, నెత్తి అంటే చెయ్యి నెత్తి మీదికి పోయేది. అయినా వత్సలకు లోపల బెరుకుగానే ఉండేది. వచ్చే పండితుడు సంధులు అడిగితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

పరీక్ష రోజున శంకర్రావు నిజామాబాద్ నుంచి వచ్చాడు. తెల్లటి ధోవతి, మెడ చుట్టూ ఉత్తరీయం. తక్కువ మాటల మనిషి. ప్రశ్నల కాగితం పంచి, అమ్మాయిలు రాస్తున్నంతసేపూ కిటికీ దగ్గర నిలబడ్డాడు. మందాకినికి ఆ సాయంత్రం అత్యవసర విభాగంలో డ్యూటీ ఉండడంతో రాయగానే వెళ్లిపోయింది. మిగతావాళ్ల కాగితాలు కూడా తీసుకుని కట్ట కట్టాక, వత్సలా పండితుడూ టీ తాగుతుండగా ఒక ఆయా పరుగున వచ్చింది. కర్ఖేలి నుంచి రోగి వచ్చాడని, డాక్టరుకు ఏమీ అర్థం కావడం లేదని, తెలుగు వచ్చినవాళ్లను పిలుచుకురమ్మన్నాడని చెప్పింది. వత్సల కప్పు వదిలి పరుగెత్తింది. వెనక శంకర్రావు కూడా వచ్చాడు.

వెంకటి అనే కుర్ర రైతు బల్ల మీద పడి ఉన్నాడు. ఒళ్లంతా చెమట, నోటి నుంచి నురగ. అతని తల్లి లచ్చవ్వ ప్యాసింజర్ బండిలో ఊరివాళ్ల సాయంతో తీసుకువచ్చింది. యువ డాక్టరు మాణిక్‌రావుకు ఆమె మాటల్లో ఒకటే అర్థమైంది. మందు. ఊళ్లో ఎవరో తప్పుడు మాత్రలు మింగించారని అనుకుని, ఆ మాత్రలు చూపించమని మరాఠీలో అడుగుతున్నాడు. ఆమె మందు, మందు అని రొమ్ము బాదుకుంటోంది. విమలాబాయి కూడా అక్కడే ఉంది.

వత్సల గుమ్మం దగ్గరికి చేరేసరికి మందాకిని లచ్చవ్వ రెండు చేతులూ పట్టుకుని ఉంది.

"అవ్వా, నా దిక్కు చూడు. మందు అంటే ఏంది? ఎంకటి తాగిండా?"

"నా కొడుకు తాగడు. ఎన్నడు ముట్టలే," అంది లచ్చవ్వ కోపంగా.

"కోపం చెయ్యకు అవ్వా. నాకు సమజ్ కాలే. మల్ల చెప్పు. పొద్దుగాల ఏం చేసిండు?"

"మంచిగనే ఉండె. చేనుకు పోయిండు. మందు కొట్టిండు. ఇంటికచ్చి కక్కుడు పట్టిండు."

"కొట్టిండు అంటే?"

లచ్చవ్వ చెయ్యి చాచి గాలిలో అటూ ఇటూ చిమ్ముతున్నట్టు ఆడించింది. "గిట్ల. పత్తికి. పురుగుల మందు."

మందాకిని వెనక్కి తిరిగి డాక్టరుకు మరాఠీలో చెప్పింది. మింగింది కాదు, పత్తి మీద చల్లిన పురుగుమందు. మాణిక్‌రావు అప్పటికే వెంకటి కనురెప్పలు ఎత్తి చూస్తున్నాడు. కనుపాపలు సూదిమొనల్లా ఉన్నాయి. "అట్రోపిన్," అన్నాడు. ఆ విరుగుడు మందు కోసం విమలాబాయి అల్మారా వైపు కదిలింది.

"అవ్వా, మూతికి బట్ట కట్టిండా?"

"కట్టలే. గాలికి ఎదురుంగ కొట్టిండు. అంగి మొత్తం తడిసె."

"ఈ అంగేనా?"

"గదే. మార్వలే."

"అంగి ఇప్పాలె. జల్ది. నువ్వు ఆ చెయ్యి పట్టు. సబ్బు నీళ్లతోటి ఒళ్లు కడుగుదాం."

ఆ కంగారులో వత్సలను చూసి విమలాబాయి, లోపలికి వచ్చి మాట్లాడమని సైగ చేసింది. వత్సల తల అడ్డంగా ఊపింది. తన అవసరం అక్కడ లేదు. లచ్చవ్వ ఏడుపు ఆగిపోయింది, ఆ పిల్ల చెప్పినట్టల్లా చేస్తోంది. చెయ్యి ఎత్తమంటే ఎత్తుతోంది, ఒరిగించమంటే ఒరిగిస్తోంది. పని దొరికిన మనిషికి ధైర్యం కూడా దొరికింది.

శంకర్రావు వత్సల పక్కన నిలబడి చెవి ఒగ్గి విన్నాడు. "యాస మరాఠీది," అన్నాడు మెల్లగా. "ఐతే ఆ తల్లి ఒక్క మాటకు కూడా తడుముకోలేదు. అడగవలసింది ఒక్కటీ మిగల్లేదు," అన్నాడు.

సూది మీద సూది వెయ్యవలసి వచ్చింది. తెల్లవారేసరికి వెంకటి కళ్లు తెరిచి తల్లిని గుర్తుపట్టాడు. ఆ సూదిమందుకు నోరు ఎండి పిడచగట్టుకుపోయి దూప అన్నాడు. మందాకిని డాక్టరు వైపు చూసి, ఆయన తల ఊపాక నీళ్లు పట్టింది. మాణిక్‌రావు ఆమెతో, "నువ్వు ఆమెను మళ్లీ మళ్లీ అడక్కపోతే నేను కడుపు కడుగుతూ కూర్చునేవాణ్ణి," అన్నాడు. అందరి ముందూ అన్నాడు.

శంకర్రావు ఆ మరునాడు మేట్రన్ గదిలో కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మాయిలంతా పాసయ్యారు. కొందరివి గట్టి మార్కులు, కొందరివి అంతంతమాత్రం.

"ఈ మార్కులు నేను ఇస్తాను గాని, ఇవి సగమే," అన్నాడాయన. "తక్కిన సగం రోగి మంచం దగ్గర ఇయ్యాలె. వచ్చే ఏడు సంది నన్ను పిలిస్తే వార్డులోనే పరీక్ష పెడతా."

వత్సల మరాఠీలోకి మార్చి చెప్పబోయింది. విమలాబాయి చెయ్యెత్తి ఆపింది. "సమజైంది," అంది తెలుగులో. అందరూ ఆమెను చూశారు. ఆమె మొహం ఎర్రబడింది. ట్రస్టు వాళ్లకు కోర్సు ఏటా నడపాలని తాను చెబుతానంది. డాక్టర్లకు కూడా పెట్టాలంది. తరువాత కొంచెం ఇబ్బందిగా, వచ్చే క్లాసులో వెనక ఒక స్టూలు తనకు కూడా వెయ్యమంది.

వెంకటి ఇంటికి పోయే రోజు వత్సల ఆసుపత్రి వరండాలో ఉంది. మెట్ల మీద మందాకినీ లచ్చవ్వా కూర్చుని మాట్లాడుకుంటున్నారు. మూతికి బట్ట కట్టుకోవాలని, గాలికి ఎదురు నిలబడకూడదని, తడిసిన అంగి వెంటనే మార్చాలని మందాకిని చెబుతోంది. ఉన్నది అనాల్సిన చోట ఉన్నడు, ఉన్నడు అనాల్సిన చోట ఉన్నది అంటోంది. లచ్చవ్వ మధ్య మధ్య సరిదిద్దుతోంది. ఆమె ఆ సరిదిద్దిన మాటను పట్టుకుని ముందుకు పోతోంది, ఆగడం లేదు.

"నీ మాటకు నాకు నవ్వస్తది బిడ్డా," అంది లచ్చవ్వ లేస్తూ. "గని మొత్తం సమజైతది."

"నవ్వు అవ్వా. మా దవాఖానల నవ్వెటోళ్లు తక్కువ," అంది మందాకిని.

లచ్చవ్వ ఆమె తల నిమిరి కొడుకు చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచింది. వత్సల స్తంభానికి ఆనుకుని అట్లాగే నిలబడిపోయింది. మందాకిని తనంతట తాను అల్లిన ఆ చమత్కారపు జవాబును ఆమె ఏ క్లాసులోనూ నేర్పలేదు.